కొంగ కుడి చెవి

ఆదివారం పొద్దున ఏడున్నరలోగా అయిపోవలసిన పనులు:

ఒకటి. రెక్కలో కొత్త సర్వో పెట్టాలి. మరలు మరీ బిగించకూడదు, ఫోమ్ నలుగుతుంది.

రెండు. బ్యాటరీ శనివారం నింపొద్దు. ఆదివారం పొద్దున్నే ఇనప డబ్బాలో పెట్టి నింపాలి. నిండేదాకా పక్కనుంచి లేవకూడదు.

మూడు. పంకా అంచుల మీద గోరుతో గీసి చూడాలి. పగులుంటే గోటికి తగులుతుంది.

నాలుగు. రిమోట్ కర్ర కుడికి నెడితే కుడి చెవి లేవాలి, ఎడమ చెవి దిగాలి. మోటారు తీగ పీకేశాకే చూడాలి.

ఐదు. రెక్కల కింద రెండు చూపుడు వేళ్ళు పెట్టి ఎత్తితే ముక్కు కొంచెం కిందకి వాలాలి.

ఆరు. తోక దగ్గర టేపు మార్చాలి.

ఏడు. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు అన్నీ ఒకే సంచిలో.

ఎనిమిది. వదినకి ఆస్పత్రి గది నంబరు పెద్ద అక్షరాలతో రాసివ్వాలి.

ఈ జాబితా మా అన్నయ్య చెప్పాడు, నేను రాశాను. ఏడు, ఎనిమిది నేను కలిపినవి. మొదటి ఆరు మాత్రం అతను మంచం మీద పడుకుని, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మాట చేర్చలేదు, ఒక్క మాట తీసెయ్యలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎనిమిదింటికీ టిక్కులున్నాయి.

కొంగ అంటే అన్నయ్య విమానం. మనుషులెక్కేది కాదు, రిమోట్‌తో ఎగిరేది. బారెడు రెక్కలు, తెల్లటి ఫోమ్ ఒళ్ళు, పొడుగాటి మెడ. దాన్ని మైదానంలో మొదటిసారి చూసిన డ్రైవర్ బాబాయ్ "ఇదేంట్రా, కొంగని పట్టుకొచ్చావ్" అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది. రెక్కల వెనక అంచున పైకీ కిందకీ కదిలే పలకలు రెండుంటాయి. ఒకటి లేస్తే రెండోది దిగుతుంది, విమానం లేచిన చెవి వైపు వాలుతుంది. వాటికి వేరే పేరుంది కానీ, అన్నయ్య చెవులనే అనేవాడు. ఆ చెవుల్ని కదిపే అగ్గిపెట్టంత మోటారే సర్వో.

అన్నయ్య పని మోటార్ వైండింగ్. కాలిపోయిన పంపు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు విప్పి, మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుట్టేవాడు. నాన్న పోయేనాటికి అతనిది ఎనిమిదో తరగతి, నాది రెండో తరగతి. పద్నాలుగేళ్ళవాడు ఒక వైండింగ్ షాపులో బల్ల ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు అదే బల్ల, అదే స్టూలు. చుట్లు లెక్కపెట్టడానికి షాపులో మీటరు ఉండేది. అన్నయ్య దాన్ని వాడేవాడు కాదు. తీగ వేలి మీదుగా జారుతుంటే ఎన్నో చుట్టో వేలే చెబుతుందనేవాడు. ఓనరు రెండుసార్లు మీటరు పెట్టి సరిచూశాడట. మూడోసారి ఆ మీటరుని వేరేవాళ్ళ బల్ల మీదకి మార్చేశాడు.

నేను చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. నీళ్ళు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగం. పుస్తకంలో ఏ వరసలో రాసి ఉంటే ఆ వరసలో చెయ్యాలి, చేసినదానికి టిక్కు పెట్టాలి, సంతకం చెయ్యాలి. సొంత తెలివి వాడటానికి అక్కడ చోటు లేదు, వాడితే తిడతారు. నాకా ఉద్యోగం బాగా నప్పింది. డిగ్రీ ఫలితాలొచ్చిన రోజు నుంచి అన్నయ్య నన్ను పేరు పెట్టి పిలవలేదు.

"డిగ్రీగారూ, మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

"నీకు కాళ్ళు లేవా?"

"చదువుకున్నవాళ్ళ చేతి నీళ్ళు తాగితే తెలివొస్తుందేమోనని."

అలా ఉండేవాడు.

కొంగని మూడేళ్ళు కష్టపడి తయారుచేసుకున్నాడు. దాని మోటారుక్కూడా తనే తీగ చుట్టాడు. జేబురుమాలు మీద పెట్టుకుని, భూతద్దం కన్నుకి తగిలించుకుని, ఏడు ఆదివారాలు చుట్టాడు. వదిన యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగేది.

"ఏం, నా సవతి అన్నం తిందా?"

"ఇప్పుడే పెట్టా. సగం కడుపు."

బ్యాటరీని వాడనప్పుడు సగమే నింపి ఉంచాలి. నిండుగా ఉంచితే ఉబ్బిపోతుంది. అందుకని ఆ జవాబు.

"నా కడుపు సంగతి ఎప్పుడైనా అడిగావా?"

"నువ్వు ఉబ్బవు కదే."

వదిన చెప్పు విసిరేది. కొంగకి తగలకుండా చూసే విసిరేది.

రెండేళ్ళు బాగానే ఎగిరింది. ప్రతి ఆదివారం ఊరి చివర ఖాళీ మైదానానికి వెళ్ళేవాళ్ళం. నా పని విసరడం. గాలికి ఎదురుగా నిలబడి, కొంగ పొట్ట పట్టుకుని, నాలుగడుగులు పరుగెత్తి, భుజం ఎత్తున తిన్నగా వదలాలి. పైకి విసిరితే తిడతాడు. అక్కడికి ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళు. అందరిలోకీ పెద్ద డ్రైవర్ బాబాయ్. సిటీ బస్సు నడిపేవాడు. ఆయన విమానం వారానికోసారైనా పడేది.

"బాబాయ్, బస్సుక్కూడా ఇలాగే టేపు అంటిస్తావా?" అనేవాడు అన్నయ్య.

"బస్సుకి నేల మీద ఉండాలనే బుద్ధి ఉందిరా. దీనికి లేదు."

ఎవరి విమానం పాడైనా అన్నయ్య దగ్గరికే తెచ్చేవాళ్ళు. బాగుచేసినదాన్ని ఎగరేసేముందు, అది తనదైనా పరాయిదైనా, అతనొక పని చేసేవాడు. తోక వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చెవుల మీదా రెండు అరచేతులు తేలిగ్గా ఆనించి, రిమోట్ కదపమనేవాడు. కళ్ళతో చూసేవాడు కాదు. కళ్ళు అలవాటుపడినదాన్నే చూస్తాయి, చేతికి అలాంటి మొహమాటం ఉండదనేవాడు. ఆ అరచేతులు లేచాకే ఏ విమానమైనా లేచేది.

ఆ తరవాత అతని చూపు తగ్గడం మొదలైంది. ముందు పక్కలు పోయాయి. షాపులో పక్కన పెట్టిన టీ గ్లాసు మోచేతికి తగిలి పడిపోయేది. పైన కొంగ ఒక పక్కకి వెళ్తే కనపడక, "ఎక్కడుందే?" అని అడిగేవాడు. నేను వెనక నిలబడి, "ఎడమకి, ఇంకా ఎడమకి, ఇప్పుడు నీ వైపు తిరిగింది" అని చెప్పేదాన్ని. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అది అలవాటు కావడానికి ఎవరికైనా నెలలు పడుతుంది. అన్నయ్యకి నిద్రలో లేపినా తెలిసేది. ఒకరోజు మాత్రం, అది వస్తోందో వెళ్తోందో పోల్చుకోలేక, రిమోట్ బాబాయ్ చేతిలో పెట్టి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

స్కాన్ తీస్తే తలలో గడ్డ, అది కంటినరం మీద కూర్చుందన్నారు. తియ్యక తప్పదు. డాక్టరు మాట దాచకుండా చెప్పింది.

"చూపు నిలుస్తుందని నేను మాటివ్వలేను. మనిషిని నిలబెట్టడం నాకు ముందు."

ఆదివారం మధ్యాహ్నం చేరాలి, మంగళవారం ఆపరేషన్. అన్నయ్య ఒకటే అడిగాడు.

"ఆదివారం పొద్దున ఒక్కసారి ఎగరేసుకుని వస్తాను. ఎండ ముదరక ముందే. తరవాత మీ ఇష్టం."

వదిన ఒప్పుకోలేదు. మళ్ళీ తనే, "సరే, సవతికి చెప్పి రావాలిగా" అని లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

చిక్కల్లా ఏమిటంటే, కొంగ సర్వో పళ్ళు అరిగిపోయాయి. కొత్తది దొరికింది కానీ వేరే కంపెనీది. రెండూ చేసే పని ఒకటే. ఎప్పుడైనా అన్నయ్యే మార్చుకునేవాడు. ఆ వారం తల వంచితే కళ్ళు తిరిగేవి. అందుకే నేను మార్చాను. అందుకే ఆ జాబితా.

తొందరలో చేశానని ఎవరూ అనుకోవద్దు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని సర్వో బిగించాను. ఆదివారం తెల్లవారగానే లేచి, బ్యాటరీ డబ్బాలో పెట్టి, నిండేదాకా పక్కనే కూర్చున్నాను. తరవాత మూడోది. పంకా ముక్కు మీద ఉంటుంది కాబట్టి, బల్ల మీద కొంగని ముక్కు నా వైపుకి తిప్పుకున్నాను. గోరుతో గీశాను. పగులు లేదు. టిక్కు. తరవాత నాలుగు. మోటారు తీగ పీకాను, బ్యాటరీ పెట్టాను, కర్ర కుడికి నెట్టాను. కుడి చెవి లేచింది, ఎడమ చెవి దిగింది. మూడుసార్లు చూశాను. టిక్కు.

కొంగ ముక్కు నా వైపే ఉంది.

మైదానానికి ఏడింటికి చేరాం. గాలి పల్చగా ఉంది. ఆ రోజు అన్నయ్య ఎగరేస్తాడని తెలిసి అందరూ వచ్చారు. డ్యూటీ మార్పించుకుని బాబాయ్ కూడా వచ్చాడు.

"ఏరా వైండింగూ, కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యావ్?"

"మళ్ళీ ఎప్పుడు చూస్తానో బాబాయ్. నీ మొహం కాదులే, దీన్ని."

అన్నయ్య కొంగ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేతులు రెండూ చాచాడు. చెవులకి జానెడు దూరంలో ఆగాయి.

"అన్నీ చూశావా?"

"చూశానన్నయ్యా. వరసగా ఒక్కోదానికీ టిక్కు పెట్టాను."

"చెవులు?"

"మూడుసార్లు చూశాను."

చేతులు వెనక్కి తీసుకున్నాడు. బాబాయ్ వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది, నాకు బాగా కనపడింది.

"డిగ్రీ మూడుసార్లు చూసిందట. ఇంక దాని మీద నేను చెయ్యి పెట్టి చూడ్డమేంటి, బాగోదు."

మోకాళ్ళ మట్టి దులుపుకుని లేచాడు. అతను చెయ్యి పెట్టి చూడకుండా ఎగరేసిన విమానం అదొక్కటే.

నేను నాలుగడుగులు పరుగెత్తి వదిలాను. తిన్నగానే వదిలాను. కొంగ లేచింది. రెండు తాటిచెట్ల ఎత్తు లేచి ఎడమకి కొంచెం వాలింది. మోటారు బలానికి ప్రతిసారీ అలా వాలుతుంది, అన్నయ్య కర్రని కొంచెం కుడికి నెడితే సర్దుకుంటుంది. ఈసారి సర్దుకోలేదు, ఇంకా వాలింది. నా వెనక కర్ర చివరిదాకా వెళ్ళి టక్కుమన్న చప్పుడు విన్నాను. కొంగ ఒరిగి, సగం తిరిగి, మా వైపు ముక్కు పెట్టి నేలలోకి దిగిపోయింది. అంతా కలిపి నాలుగైదు క్షణాలు.

అన్నయ్య ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఎక్కడుందే?"

బాబాయ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "పడిందిరా" అన్నాడు.

"పడిందా," అన్నాడు అన్నయ్య. రిమోట్ ఆపి, "పదండి, ఆస్పత్రికి టైమవుతుంది" అన్నాడు.

ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో వేశాను. మధ్యాహ్నం అన్నయ్యని చేర్చి, వదినకి దుప్పటీ, చెంబూ తేవడానికి ఇంటికి వచ్చినప్పుడు ఆ సంచి విప్పాను. ఏమైందో తెలియాలి కదా. పంకా, మెడ విరిగి పడిపోయాయి. రెక్కలూ తోకా మాత్రం కలిసే ఉన్నాయి. ముక్కు లేదు కాబట్టి తోక పట్టుకుని బల్ల మీద పెట్టాను. తోక నా వైపుకి వచ్చింది. బ్యాటరీ తగిలించి కర్ర కుడికి నెట్టాను.

ఎడమ చెవి లేచింది.

మళ్ళీ నెట్టాను. మళ్ళీ ఎడమ చెవే.

వేరే కంపెనీ సర్వో తిరిగే దిక్కు వేరు. రిమోట్‌లో చిన్న మీట ఒకటి మారిస్తే చాలు, అర నిమిషం పని. పొద్దున నేను చూసినప్పుడు కొంగ నాకు ఎదురుగా ఉంది, నా కుడి దాని ఎడమ. జాబితా తీసి చూశాను. "కుడి చెవి లేవాలి" అని ఉంది. ఎక్కడ నిలబడి చూడాలో లేదు. అన్నయ్య తన జన్మలో ఏ విమానాన్నీ ముందు నుంచి చూసి సరిపెట్టలేదు, అందుకే ఆ మాట చెప్పాలని అతనికి తోచలేదు. రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం అతను తోక వెనకే కూర్చోవడం నేను చూశాను. చూసింది కాగితంలో లేదు కాబట్టి చెయ్యలేదు.

సోమవారం సాయంత్రం ఆస్పత్రి గదిలో అన్నయ్యకి గుండు చేశారు. వదిన వెంట్రుకలు ఊడుస్తోంది.

"సవతికి నచ్చుతావులే ఇలా," అంది.

అతను నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"పడేముందు ఏ వైపు వాలింది?"

"సరిగ్గా చూడలేదన్నయ్యా."

"ఎడమకే వాలింది. నేను కుడికే నెట్టాను, బాగా గుర్తుంది. ఎంత నెడితే అంత ఎడమకి పోయింది. అంటే ఏంటి? అది అప్పటికే నా వైపు తిరిగిపోయింది. నేనేమో ఇంకా వెళ్తోందనుకుంటున్నాను." మోటారు ఎందుకు కాలిందో కస్టమరుకి చెప్పే గొంతుతోనే చెప్పాడు. "వస్తోందో వెళ్తోందో కూడా తెలియనంత అయిపోయాను."

"అన్నయ్యా..."

"నువ్వు బాధపడకు. విసరడం బాగా విసిరావ్. బిగించడం కూడా బాగా బిగించావ్, చప్పుడులోనే తెలిసింది. నా చెయ్యే పోయింది. రిమోట్ బాబాయ్‌కి ఇచ్చెయ్. ఓనరుకి కూడా చెప్పు, నా స్టూలు మీద ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమను. కళ్ళు పోతే పోనీ, వేలుందిగా అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంక వేలుని కూడా నమ్మలేను."

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అప్పుడే నర్సు వచ్చి, పేషెంటుని మాట్లాడించకండి, బీపీ పెరుగుతుంది అంది. ఆపరేషన్ అయ్యాక చెబుదాం అనుకున్నాను. లేచి కూర్చున్నాక, కొంగ తోకని అతని చేతుల్లో పెట్టి, రెండు చెవుల మీదా అరచేతులు పెట్టించి, కర్ర నేను నెడతాను. అతనికే తెలుస్తుంది. తిడతాడు. "డిగ్రీ ఎక్కడ కొన్నావే?" అంటాడు. ఆ తిట్లు కూడా ఊహించుకున్నాను.

మంగళవారం ఆపరేషన్ చేశారు. శుక్రవారం దాకా కళ్ళు తెరవలేదు. శుక్రవారం పదకొండు గంటలకి పోయాడు.

వదినకి నెల తరవాత చెప్పాను. ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. అంతా విని, దారం తెంపి, "ఆయనకి చెప్పి ఉండాల్సింది" అంది. తలుపు దగ్గరికి వచ్చాక వెనకనుంచి పిలిచి, "అన్నం తినేసి వెళ్ళు" అంది. తిన్నాను.

బాబాయ్‌కి కూడా చెప్పాను. ఆయన బస్సు స్టీరింగు మీదనుంచి చేతులు తియ్యకుండానే విన్నాడు.

"ఎవరితో అనకమ్మా," అన్నాడు. "పోయినవాడు ఎలాగూ పోయాడు. నువ్వు బతకాలి. వాడికి కళ్ళు కనపడక పడిందనే అందరూ అనుకుంటున్నారు. అనుకోనీ."

ఆయన నా మీద ప్రేమతోనే అన్నాడు. ఇప్పటికీ మైదానంలో అదే మాట. కొత్తగా వచ్చినవాళ్ళకి, చూపు తగ్గినవాళ్ళు ఎగరెయ్యకూడదని చెప్పడానికి మా అన్నయ్యని ఉదాహరణగా చెబుతారు. మోటారుకి చేత్తో తీగ చుట్టినవాడే, చివరికి వస్తోందో వెళ్తోందో తెలియక తన కొంగని తనే నేలకేసి కొట్టుకున్నాడు, పాపం అంటారు. ఆ పాపం అన్నప్పుడల్లా నేను అక్కడే ఉంటాను, వాళ్ళ విమానాలు విసిరిపెడుతూ. రెండేళ్ళు విన్నాను. ఇంక వినలేక ఇది రాస్తున్నాను.

కొంగని బాగుచేశాను. కొత్త మెడ అతికించాను. మోటారు అన్నయ్య చుట్టిందే, దానికేం కాలేదు. రిమోట్ బాబాయ్‌కి ఇవ్వలేదు. దాంట్లో సర్వో మీట మాత్రం మార్చలేదు, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంచాను. నమ్మనివాళ్ళెవరైనా మా ఇంటికి రావచ్చు. తోక వెనక కూర్చుని, చెవుల మీద చేతులు పెట్టి, కర్ర కుడికి నెట్టి చూసుకోవచ్చు.

ఆ రోజు అతని చెయ్యి తప్పలేదు. కొంగ ఎటు వాలుతోందో ఆ చూపుతోనే పోల్చుకున్నాడు, ఎటు నెట్టాలో అటే నెట్టాడు. తెలియకుండానే పోయాడు. మీకు తెలిసింది కదా. ఎప్పుడైనా మైదానంలో ఎవరైనా అతని మాట ఎత్తితే, చూపు పోయి విమానం పడేసుకున్నవాడని అననివ్వకండి. కుడికి నెట్టాల్సినప్పుడు కుడికే నెట్టినవాడిగా మా అన్నయ్యని గుర్తుపెట్టుకోండి.